బాపట్ల మాస్టారి జామీను

అరవైల చివర్లో తెనాలిలో నా పరపతి ఎంతంటే, కిరాణా కొట్టాయన నన్ను చూడగానే బెల్లం డబ్బాకి మూత పెట్టేవాడు. ఉప్పు బస్తా మీద కూడా గోనె కప్పేవాడంటే మీరు నమ్మరు, అది మీ ఇష్టం.

తప్పు నాదే. వెయ్యి రూపాయల చీటీ అయిదో నెలలోనే పాడుకుని, ఆ డబ్బుతో రేపల్లెలో మాగాణి కొన్నానని ఊరంతా చెప్పాను. కొన్నది ఒక రేడియో, రెండు టెర్లిన్ చొక్కాలు. మిగతాది స్నేహితుల కాఫీలకి పోయింది. లేని పొలంలో పంట బాగా పండించి, తుఫానొచ్చి కొట్టుకుపోయిందని చెప్పి కిస్తీలు ఎగ్గొట్టాను.

జామీను సంతకం పెట్టింది బాపట్లలో నాకు లెక్కలు చెప్పిన మాస్టారు. జీతం రోజున చీటీ నడిపే ఆయన బడి గేటు దగ్గర నిలబడి నా కిస్తీ మాస్టారి చేత కట్టించుకునేవాడు. అలా పదిహేను నెలలు. ఇంటి స్థలానికని ఆయన దాచుకున్నదంతా అందులోకే పోయింది. నేను ఆ ఛాయలకి వెళ్తే ఒట్టు.

తర్వాత మా వీధిలో మూడు గదుల పెంకుటిల్లు అమ్మకానికొచ్చింది. మా ఆవిడ మనసు పడింది. సగం ముందిచ్చి సగం వాయిదాల్లో కడతానన్నాను. ఇల్లమ్మే పిన్నిగారు నన్ను ఎగాదిగా చూసింది.

"వాయిదాలా, నీకా? ఆ బాపట్ల మాస్టారొచ్చి నువ్వు మంచోడివని చెబితే అప్పుడు చూద్దాంలే నాయనా."

ఆ నెల నుంచి జీతం మా ఆవిడ చేతికి. నాకు రోజుకో కాఫీ. రేడియో అమ్మేసింది. అవసరం లేకపోయినా కొట్టాయన దగ్గర పది రూపాయలు అప్పు తెమ్మనేది, అన్న రోజుకి ఒకరోజు ముందే తీర్చి రమ్మనేది. మొదటిసారి ఆవిడ వెండి పట్టీలు తాకట్టు పెడితేగాని ఆయన ఇవ్వలేదు.

"ఈ పదితో ఏం చేస్తావే?"

"ఏం చెయ్యనండీ. మీరు తిరిగిస్తారని ఆయనకి అలవాటు కావాలి."

నెలకోసారి రైలెక్కి బాపట్ల వెళ్ళి మాస్టారికి పాతిక ఇచ్చేవాణ్ణి. ఆయన నన్ను ట్యూషన్ పిల్లల ముందు నిలబెట్టేవారు. "వీడేం చేశాడో వీడే చెబుతాడు, వినండర్రా." నేను తుఫాను దాకా రాగానే, "తుఫాను తీసేసి మళ్ళీ మొదట్నించి చెప్పు" అనేవారు. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. రెండున్నరేళ్ళు చెప్పాను. పిన్నిగారు ధర దిగకపోవడంతో ఆ ఇల్లు అప్పటికీ అమ్ముడుపోలేదు.

చివరి పాతిక ఇచ్చిన రోజున ఇంటి సంగతి చెప్పాను. గదులు, ధర, పిన్నిగారి షరతు, అన్నీ. శ్రద్ధగా విన్నారు. వారం తిరక్కుండా వచ్చి పిన్నిగారి అరుగు మీద కూర్చున్నారు.

"వీడు పైసాతో సహా తీర్చాడమ్మా. ఇక వీడి మాటకి నేను పూచీ."

మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మాస్టారు సంచీలోంచి నోట్ల కట్టలు తీసి పిన్నిగారి ముందు పెట్టారు. నేనిచ్చింది, రిటైరైనప్పుడు వచ్చింది కలిపి, ఇంటి ధర మొత్తం.

"వీడి పుణ్యాన నాకూ ఇల్లు లేదమ్మా. నాకు వాయిదాలక్కర్లేదు."

పిన్నిగారు మావైపు చూడకుండా డబ్బు లెక్కపెట్టుకుంది.

మాస్టారు నావైపు తిరిగారు. "ముందు రెండు గదులు మాకు చాలు. వెనక గది అద్దెకిస్తాను. ఒకటో తారీఖున తప్పకుండా ఇచ్చే మనిషి కావాలి. ఇప్పుడు నీకన్నా నమ్మకస్తుడు ఎవడున్నాడయ్యా?"

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అడిగింది.

"అద్దె ఎంతండీ?"