మామ ఎర్రగడ్డలు, నా ఎకనామిక్స్

ఆ రోజుల్లో నాకు ఒక్క సంగతి మాత్రం గట్టిగా తెలుసు: రేపు ధరలు ఎటు పోతాయో ఎవరికీ తెలియదని. కర్నూలులో డిగ్రీ చదువుతూ ఫైనాన్షియల్ ఎకనామిక్స్‌లో నేను నేర్చుకున్న సారమంతా అదే. (ఈ ఒక్క ముక్కకు మూడేళ్లు ఎందుకని మా అమ్మ అడిగేది.) ఊరి చివర మా మామ ఇంట్లో ఉండి కాలేజీకి వెళ్లేవాణ్ణి. ఆ ముక్క మామ తలకెక్కించలేక నా ప్రాణం విసిగిపోయింది.

మామది సేద్యం. ఆ ఏడు పండిన ఎర్రగడ్డలన్నీ, అంటే ఉల్లిపాయలన్నీ, కొట్టంలో పోసి, "రేటు పెరుగుతాదా అల్లుడా?" అంటూ నా చుట్టూ తిరిగేవాడు. పుస్తకం తెరిచి గీతలన్నీ చూపించాను. "అన్నీ ఉండాయి గానీ, రేటు యాడుండాదప్పా?" అన్నాడు. "తెలీదు మామా" అన్నాను. అంతే, ఆయన కళ్లు మెరిశాయి. మా మార్కెట్లో రేటు గుట్టు తెలిసినవాడు నోరు విప్పడు. తెలియనివాడే టీ అంగడి దగ్గర కూర్చుని జోస్యం చెబుతాడు. అందుకని నేను తెలియదన్న కొద్దీ నాకు తెలుసని మామకు నమ్మకం బలపడింది. "చూసినావా, మాట బయటికి రానీడు. శానా పెరుగుతాది" అని అత్త చెవిలో ఊదాడు. ఇంతలో ముసురు పట్టింది. గడ్డలు మెత్తబడి ఇల్లంతా ఒకటే కంపు. అత్త నా మీద విరుచుకుపడింది: "నీ సదువు పాడుగాను, ఏదో ఒకటి చెప్పి సావు! ఈడ మా కష్టమంతా కుళ్లిపోతాండాది!"

ఇక తట్టుకోలేక, టీ అంగడి ముందు నలుగురూ వింటుండగా అరిచాను: "మామా, రేపు రేటు ఆకాశానికి పోతాది! ఒక్క గడ్డ కూడా అమ్మొద్దు!" మామ ముఖం పాలిపోయింది. "ఇంత గట్టిగా చెప్తాండాడంటే పడిపోతాదన్నమాట" అని గొణుక్కుని, ఆ పూటే ట్రాక్టర్ పిలిపించి సరుకంతా మార్కెట్‌కు తోలేశాడు. గిట్టీ గిట్టని ధరకే అయినా, పూర్తిగా కుళ్లకముందే పోయిందని అత్త ఊపిరి పీల్చుకుంది. హమ్మయ్య అనుకున్నాను. మర్నాడు రేటు నిజంగానే పెరిగి కూర్చుంది.

తిడతాడని భయపడుతుంటే మామ నా చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు చెప్పనే చెప్తివి గదప్పా, నేనే ఇనకపోతి" అని కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత రేట్లు చెప్పమంటూ వీధి వీధంతా మా గుమ్మంలోనే! ఒళ్లు మండిపోయేది. (ధరలను ముందే ఎందుకు చెప్పలేమని ఆ ఏడు పరీక్షలో అడిగారు. కోపమంతా రాసి పారేశాను. అత్తెసరు మార్కులొచ్చాయి.)

ఇప్పుడు కడపలో ఉద్యోగం. ఎవరైనా రేట్ల సంగతి అడిగితే, తెలియదంటాను. వెంటనే నమ్మేస్తారు. అంతగా విసుక్కున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, నన్ను మామలా అనుమానించే మనిషి మళ్లీ దొరకలేదు.