పై మూరెడు నీళ్ళు

రండమ్మా, ఈ పీట ఇలా జరిపాను, నా పక్కనే కూర్చోండి. గొంతెత్తి చెప్పుకునే సంగతి కాదిది. మా ఇంటి నూతికి మోటారు పెట్టించిన సంగతి. మోటారు పెట్టించడంలో కళ్ళనీళ్ళు పెట్టుకోవడానికేముంది అంటారేమో. వినండి, మీకే తెలుస్తుంది.

నేను పుట్టింది తాడేపల్లిగూడెం దాటాక మెరక ఊళ్ళో. నే చదివింది అయిదో తరగతి. మా ఊళ్ళో నుయ్యంటే పాతాళమే. చేద దింపితే అది నీళ్ళకి తగిలేలోపు పక్కింటావిడతో రెండు మాటలు మాట్లాడుకోవచ్చు. ఎంత లోతుకి పోతే అంత తియ్యటి నీళ్ళని మా నాన్న అనేవాడు. అక్కడ అది నిజం కూడాను.

అత్తారిల్లు కొల్లేటి అంచున. ఏలూరులో బస్సు దిగి, ఆటో ఎక్కి, చేపల చెరువుల గట్ల మీదుగా రావాలి. పెరట్లో నుయ్యి, సిమెంటు వరలు దించిన చిన్న నుయ్యి. రెండున్నర నిలువులకి మించి లోతుండదు. వానాకాలంలో అయితే వంగి చెంబుతో ముంచుకోవచ్చనిపించేది. కాపరానికి వచ్చిన మర్నాడు పొద్దున్న, మా ఊళ్ళో అలవాటు కొద్దీ చేదని దభీమని వదిలాను. మా అత్తగారు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు.

“అమ్మాయ్, అలా గుండె అదిరేలా వెయ్యకమ్మా. మెల్లిగా దింపి, పక్కకి వంచి, పైపైన తీసుకోవాలి. పైనున్నవి వానదేవుడివి. కిందున్నవి సముద్రుడివి. కదిలించామంటే ఆయన పైకొస్తాడు.”

పొద్దున్న కాసేపు, సాయంత్రం కాసేపు తోడడం. మధ్యలో నూతికి విశ్రాంతి. మధ్యాహ్నం ఎవరైనా చేద పట్టుకుంటే, “దాన్ని పడుకోనివ్వండే, అది మాత్రం మనిషి కాదూ” అనేవారు. వీధిలో నాలుగిళ్ళ వాళ్ళు తాగే నీళ్ళకి మా నూతికే వచ్చేవారు. పక్క దొడ్లో నుయ్యి కూడా ఉప్పే, మాదొక్కటే తియ్యన. ఎందుకో ఎవరికీ తెలీదు. మా అత్తగారి మాట వింటుంది కాబట్టేనని అందరూ అనేవారు.

ఆవిడ వేరే నీళ్ళు ముట్టేవారు కాదు. ఏలూరులో పెళ్ళికి వెళ్ళినా ఇత్తడి మరచెంబు నిండా మా నూతి నీళ్ళు పోసుకుని, మూత బిగించి, ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. పెళ్ళివారు షర్బతులిస్తుంటే ఈవిడ మూత తిప్పి రెండు గుక్కలు తాగడం. “అమ్మా, పరువు తీస్తున్నావే” అని మా ఆయన గొణిగేవాడు. “నీ పరువు నా దాహం తీరుస్తుందేంట్రా” అనేవారు ఆవిడ.

ఇలా ఏళ్ళు గడిచాయి. నా కుడి జబ్బ పట్టేసింది. చెయ్యి భుజం దాటి లేచేది కాదు. జడ వేసుకోవడం మానేసి ముడి చుట్టుకోవడం మొదలెట్టాను. తాడు లాగినప్పుడల్లా ప్రాణం పోయేది. దానికి తోడు వేసవిలో కాలువ కట్టేస్తే పెరటి వెనక పాతిక సెంట్ల దొడ్డి ఎండిపోయి నెర్రెలిచ్చేది. అది చూస్తే నాకు మనసాగేది కాదు. అందరిళ్ళలో మోటార్లున్నాయి, మనకేం ఖర్మండీ అని మా ఆయన్ని పట్టుకున్నాను. ఆయన తలూపాడు. మా అన్నయ్య గూడెం నుంచి తనకి తెలిసిన మేస్త్రీని పంపించాడు.

మేస్త్రీ మంచి పనివాడు, మంచి మాటకారి. నూతి పక్కన సిమెంటు దిమ్మ కట్టి, దాని మీద మోటారు బిగించాడు. నూతిలోకి దించే గొట్టం చివర ఫుట్‌వాల్వు. అంటే, నీళ్ళు పైకి రావడమే గాని కిందకి జారిపోకుండా ఆపే చిన్న తలుపన్నమాట. బయటకొచ్చే గొట్టానికి రెండు దార్లు. ఒకటి డాబా మీద ట్యాంకుకి, ఒకటి దొడ్లోకి. కావలసిన వైపు మర తిప్పుకోవడమే.

గొట్టం దించబోతుంటే మా అత్తగారు గుమ్మంలోంచి అన్నారు:

“నాయనా, అడుక్కి దించకు. నీళ్ళలో ఒక్క మూరెడు మునిగితే చాలు.”

“మామ్మగారూ, మూరెడే ముంచామనుకోండి, నీళ్ళు కాస్త తగ్గగానే గాలి పీల్చేస్తుందండీ. అప్పుడు రోజూ మీరే చెంబుతో మోటారుకి నీళ్ళు పట్టించుకోవాలి. అడుక్కంటా దించేస్తే నిశ్చింతండి, ఆయ్.”

“గాలి పీలిస్తే పీల్చనీ. ఉప్పు పీల్చకుండా ఉంటే చాలు.”

మేస్త్రీ నవ్వి నా వైపు చూశాడు. మా వైపు మనిషి కదా. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు నన్నిప్పటికీ వదల్లేదమ్మా.

“ఏం కాదండీ అత్తయ్యగారూ. మా ఊళ్ళో ఎంత లోతుకెళితే అంత తియ్యన. అతనికి తెలుసు, దించనివ్వండి.”

ఆవిడ నా వైపు చూశారు. కోపం లేదు ఆ చూపులో.

“ఇన్నేళ్ళయినా నీకింకా అదేనా అమ్మా మీ ఊరు?”

అని లోపలికి వెళ్ళిపోయారు. గొట్టం అడుక్కి దిగింది.

మోటారు నెత్తిన ఉన్న బిరడా తీసి, చెంబుతో నీళ్ళు పోశాడు మేస్త్రీ. బుడగలు ఆగేదాకా పోసి, బిరడా బిగించి, “అమ్మగారూ, మీ చేత్తో వెయ్యండి” అన్నాడు. స్విచ్చి నేనే వేశాను. మోటారు మూలిగింది, దగ్గింది, రెండుసార్లు కక్కింది, ఆ తరవాత నా చేతి మందాన ధార. మా ఆయన చొక్కా తడుపుకుంటూ దాని కింద చెయ్యి పెట్టి పసివాడిలా నవ్వాడు. వీధిలో ఆడవాళ్ళు వచ్చి చూశారు. మా అత్తగారు మాత్రం, మేస్త్రీ గిలకకున్న కొబ్బరి తాడు విప్పుతుంటే చూసి, “అది తియ్యకు, ఉండనీ” అన్నారు. తన మరచెంబుకి మాత్రం తనే తోడుకునేవారు.

ఆ ఏడాది నా దొడ్డి చూసి తీరాల్సిందేనమ్మా! ఆనపపాదు పందిరెక్కి గోడ దాటింది. బెండ, వంగ, కనకాంబరాలు. పొద్దున్న స్విచ్చి వేసి వంటకి వెళ్ళిపోయేదాన్ని. దొడ్లో బోదెలన్నీ నిండి నీళ్ళు వీధిలోకి పోయేదాకా గుర్తుండేది కాదు. “అమ్మాయ్, నుయ్యి వగరుస్తోందే” అని ఆవిడ పిలిచేవారు. “వస్తున్నానండీ” అనేదాన్ని. వెళ్ళేదాన్ని కాదు.

రెండో వేసవిలో మొదట పప్పు చెప్పింది. ఎంతసేపు ఉడికించినా కందిపప్పు రాళ్ళలా ఉండిపోయింది. పప్పు పాతదనుకున్నాను. తరవాత సబ్బు నురగ రావడం మానేసింది. బెండాకుల అంచులు నిప్పు తగిలినట్టు మాడాయి. ఒకరోజు పొద్దున్న మా అత్తగారు మరచెంబు ఎత్తి ఒక గుక్క తాగి, నోట్లో అలాగే ఉంచుకుని, పెరట్లోకి వెళ్ళి ఉమ్మేసి వచ్చారు. చెంబు బోర్లించి కూర్చున్నారు.

అనాల్సింది పక్కింటి వదినగారు అంది. బిందె తెచ్చి, రుచి చూసి, అక్కడే ఒలకబోసింది.

“ఏం వదినా, మీ ఆనపకాయలు తిన్నందుకు మా నోట్లో ఉప్పు పోశావా? కూరలో ఇంక ఉప్పు కొనక్కర్లేదులే!”

నవ్వుతూనే అంది. మర్నాటి నుంచి రాలేదు. నాలుగిళ్ళ వాళ్ళూ నీళ్ళ క్యాన్లు తెప్పించుకోవడం మొదలెట్టారు.

మేమూ క్యాను తెప్పించాం. మా అత్తగారు ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేశారు. మజ్జిగ ఇస్తే తాగేవారు, కొబ్బరినీళ్ళు తాగేవారు. మంచినీళ్ళు మాత్రం గొంతు దిగేవి కావు. ఎండలు ముదిరాయి. ఆవిడకి మూత్రంలో మంట, జ్వరం. ఏలూరు తీసుకెళితే డాక్టరమ్మ మందులు రాసి, “నీళ్ళు బాగా తాగించండి, అదే అసలు మందు” అంది. నాకప్పుడు ఒకటే యావ. ఈ నుయ్యి మళ్ళీ తియ్యనవ్వాలి. ఆవిడ నీళ్ళు తాగాలి.

మేస్త్రీకి కబురు పెట్టాం. వచ్చి, నీళ్ళు నోట్లో వేసుకుని తల కొట్టుకున్నాడు.

“మామ్మగారు మొదటే చెప్పారండీ. మా వైపు అలవాటు ఇక్కడ చేశాను. తప్పు నాదేనండీ.”

తప్పెవరిదో నాకు తెలుసు.

మేస్త్రీ, మా ఆయనా కలిసి ఇనప గొట్టం పైకి లాగి కోశారు. దానికి మెత్తటి రబ్బరు గొట్టం తగిలించి, ఖాళీ నూనె డబ్బాకి కట్టి నూతిలో తేలేశారు. డబ్బా కింద ఫుట్‌వాల్వు సరిగ్గా మూరెడు లోతులో వేలాడుతుంది. నీళ్ళు పెరిగితే డబ్బా పైకి, తగ్గితే కిందకి. ఎప్పుడూ పైనీళ్ళే లాగుతుంది. దొడ్డి వైపు మర బిగించేశాం.

“ఇప్పుడు తియ్యగా వస్తాయా?” అన్నాను.

“పైన తియ్యటి నీళ్ళుంటే కదండీ లాగడానికి. వాన పడాలి. అందాకా ముట్టకండి.”

అది రోహిణి కార్తె. రోళ్ళు పగిలే ఎండలు. రోజుకి నాలుగుసార్లు నూతి దగ్గరకి వెళ్ళి వేలు ముంచి నాలిక మీద రాసుకునేదాన్ని. ఉప్పే. ఆనపపాదు నా కళ్ళముందే ఎండి పందిరి మీద తాళ్ళలా మిగిలింది. దానికేసి చూడ్డానికి కూడా నాకు తీరిక లేదు.

చివరికి మా అన్నయ్య గూడెం నుంచి వస్తూ, మా పుట్టింటి నూతి నీళ్ళు రెండు డబ్బాల నిండా తెచ్చాడు. అవి మరచెంబులో పోసి మూత బిగించి, ఆవిడ మంచం పక్కన కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం. కిటికీకి తడిగుడ్డ కట్టాను. తల ఎత్తి పట్టుకుని, “మన నూతివే అత్తయ్యగారూ, తాగండి” అన్నాను.

ఒక గుక్క తాగారు. కళ్ళు మూసుకుని, ఆ ఎండిన పెదాలతోనే నవ్వారు.

“మీ ఊరివి కదూ?”

చెంగుతో ఆవిడ గడ్డం తుడిచాను.

“తియ్యగానే ఉన్నాయమ్మా. మన నీళ్ళకి కాస్త తాడు వాసన ఉంటుంది. అంతే తేడా.”

ఇంకో గుక్క తాగారు. నాకోసం తాగారని నాకు తెలుసు. తరవాత అన్నారు:

“నూతిని తిట్టుకోకు. రెండు వానలు పడితే అన్నీ మర్చిపోతుంది. మనసులో పెట్టుకోవడం దానికి తెలీదు.”

నూతి సంగతే చెప్పారో, ఇంకేదైనా చెప్పారో నేనడగలేదు. ‘తప్పు నాదండీ, నవ్వినందుకు క్షమించండి’ అనే మాట గొంతుదాకా వచ్చింది. పైకి మాత్రం, “ఇంకొక్క గుక్క” అన్నాను. చాలన్నట్టు చెయ్యి ఊపారు. మూడో రోజు వెళ్ళిపోయారు. మృగశిరకి ఇంకా నాలుగు రోజులుంది.

నీళ్ళు తాగకే పోయారా, వయసు మీద పడి పోయారా అంటే డాక్టరమ్మ వయసే అంది. మా ఆయన కూడా అదే అంటాడు. నన్ను ఒక్క మాట అనలేదు ఆయన. అంటే బాగుండేది.

వానలు పడ్డాయి. మొదటి వానకి ఉప్పు విరగలేదు. శ్రావణంలో ఒక పొద్దున్న వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటే, తీపి! మా అత్తగారి మాట నిజమే, నుయ్యి అన్నీ మర్చిపోయింది. అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చాను. పక్కింటి వదినగారు గోడ మీదుగా చూసి, బిందె పట్టుకుని వచ్చింది.

ఇప్పుడు మా మోటారు పొద్దున్న పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. అంతే. డబ్బా నీళ్ళ మీద ఊగుతూ ఉంటుంది. దొడ్లో వానాకాలం పాదులే వేస్తున్నాను. వేసవిలో నెర్రెలిస్తే ఇవ్వనీ. గిలకా తాడూ అలాగే ఉన్నాయి. పొద్దున్నే ఎడమ చేత్తో, మెల్లిగా, పక్కకి వంచి ఒక్క చేద తోడతాను. ఆ మరచెంబు నింపి మూత బిగిస్తాను. మీకిందాక ఇచ్చినవి ఆ నీళ్ళే. తాడు వాసన వచ్చిందా?

మీ ఇంటి నుయ్యి ఏ ఎండకీ ఉప్పెక్కకుండా ఉండాలి తల్లీ. మీ పెద్దవాళ్ళు అడిగినప్పుడు అడిగిన నీళ్ళే మీ చేతికందాలి. అనాల్సిన మాట గొంతులో ఆగిపోకుండా, వాళ్ళు ఉండగానే మీ నోటంట రావాలి. మీ గడప ఎప్పుడూ చల్లగా, పచ్చగా ఉండాలి.