అరవని నొప్పి

రాయగడ కొండల కింది ఆసుపత్రిలో సోనారి వడకా పదిహేనేళ్ళుగా ఆయా. ఆమె పుట్టిన కోంధు గూడెంలో ప్రసవించే ఆడది నోరు తెరిచి అరవదు. కేక వినబడితే దెయ్యం దారి కనుక్కుని బిడ్డ కోసం వస్తుందని భయం. అందుకే పంటి బిగువున ఓర్చుకుంటుంది. ఆసుపత్రిలోనేమో అరిచినవాళ్ళకే ముందు మంచం.

"అరవడం లేదంటే ఇంకా టైముంది మౌసీ. నీ చీపురు సంగతి నువ్వు చూసుకో," అనేది నర్సు మినతి, సోనారి పిలవడానికి వెళ్ళినప్పుడల్లా. ఆమె అలా అన్న ఒకనాడు ఓ కొండపిల్ల వరండాలో బల్ల మీదే కనేసింది. బిడ్డ దక్కలేదు. రిజిస్టరులో మాత్రం 'ఆలస్యంగా తీసుకొచ్చారు' అని రాశారు. చచ్చిన బిడ్డ ఎదురు చెప్పదుగా!

ఆనాటి నుంచి సోనారి కొండమీది గర్భిణులను గేటు దగ్గరే ఆపి చెప్పేది: "సిగ్గొదిలి అరవండమ్మా! వీళ్ళు నొప్పిని చెవులతో చూస్తారు."

చివరికి సొంత కూతురు కుంజి వంతు వచ్చింది. అదే బల్ల మీద కూర్చున్న పిల్ల కాలివేళ్ళు ముడుచుకుపోయాయి. కొరికిన పెదవి చిట్లి నెత్తురు కారుతోంది.

"ఒక్కసారి అరవవే తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా!"

కుంజి తల అడ్డంగా ఊపింది. చిన్నప్పటి నుంచి ఆ భయం నూరిపోసింది తల్లే మరి.

సోనారి రెండుసార్లు నర్సు గదికి వెళ్ళి, రెండుసార్లూ తిట్లు తిని వచ్చింది. ఆఖరికి కూతురి పక్కన నిలబడి తనే గుండెలవిసేలా కేక పెట్టింది.

మినతి పరుగున వచ్చింది. బల్ల మీది పిల్లను దాటుకుని నేరుగా సోనారి భుజం పట్టుకుంది.

"ఏమైంది మౌసీ? ఎక్కడ నొప్పి?"