ఆఖరి ఎపిసోడ్ తర్వాత

మా పెద్దక్కకు కొరియా సీరియళ్లలో మనుషుల ముఖాలు తెలియవు. గొంతులు తెలుసు, కోట్లు తెలుసు. ఎందుకంటే ఆవిడ వాటిని చూడదు, వింటుంది.

మాది కోట్లు, ప్యాంట్లు సరిచేసే కొట్టు. వీధి వైపు పెద్ద అద్దం, లోపల రెండు కుట్టుమిషన్లు, అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ ఒకటి, ఇస్త్రీ బల్ల, వేసుకుని చూసుకునేవాళ్ల కోసం తెర కట్టిన ఓ మూల. పొద్దున్నే కొట్టు తెరవగానే అక్క తన ఫోన్‌ని దారపు ఉండలకు ఆనించి, తెలుగులో డబ్బింగ్ చేసిన సీరియల్ ఒకటి పెట్టుకుంటుంది. కళ్లు సూది మీద, చెవులు సీరియల్ మీద. కళ్లు పక్కకు తిప్పితే వేలు పోతుందని ఆవిడ భయం. దారం తెగినప్పుడో, బాబిన్ మార్చేటప్పుడో ఒక్కసారి తలెత్తుతుంది. అప్పుడైనా ముఖాలు చూస్తుందా అంటే, కోట్లు చూస్తుంది.

"చూడవే దీన్ని! అద్దె కట్టలేక మేడ మీద ఒంటిగదిలో ఉంటోందట పాపం. ఆ కోటు భుజం ఎలా కూర్చుందో చూడు! కొలతలిచ్చి కుట్టించుకున్న కోటది. అది అమ్మితే అద్దె మాట అటుంచి ఆ మేడ సగం కొనొచ్చు!"

నాకు సీరియళ్లంటే పడదు. కానీ ఒకే గదిలో చేతికందేంత దూరంలో కూర్చున్నాక వినక చస్తానా? అక్క అభిప్రాయాలన్నీ నాకు కంఠతా వచ్చేశాయి. ఇదివరకటి వాటికన్నా ఇప్పటివి నయమే అంటుంది. ఇదివరకు హీరో అనేవాడు మాట్లాడితే చాలు ఆడపిల్ల చెయ్యి పట్టుకుని బరబరా లాక్కుపోయేవాడట. "ఈమధ్య కాస్త బుద్ధొచ్చింది వెధవలకి, అడిగి పట్టుకుంటున్నారు" అని సర్టిఫికెట్ ఇస్తుంది. పగ తీర్చుకునే కథలంటే మాత్రం చిరాకు. "ముక్కు మార్పించుకుని, పేరు మార్చుకుని, వాళ్ల కంపెనీలోనే ఉద్యోగంలో చేరి... అంత ఓపికున్నదానివి హాయిగా ఓ కొట్టు పెట్టుకుని బతకొచ్చు కదే తల్లీ!" చచ్చిపోయి, వెనక్కి వెళ్లి, జరిగిందంతా గుర్తుపెట్టుకుని మళ్లీ మొదలుపెట్టే కథలైతే ఇంకానూ. తలకు దెబ్బ తగిలి అన్నీ మర్చిపోయే పాత పద్ధతే మేలట, ఆస్పత్రి ఖర్చుతో పోయేదట.

రెండో హీరో మీద అందరికీ జాలే. వానలో గొడుగు పట్టుకుని, మనసులో మాట చెప్పకుండా నిలబడతాడే, అతనన్నమాట. బ్యాంకులో పనిచేసే ఒకావిడ ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికొచ్చి, అతని కోసం మా కొట్లో కళ్లు తుడుచుకుంది కూడా. అక్క కరగలేదు.

"నోరు తెరిచి చెప్పనివాడికి పిల్లనెవరిస్తారమ్మా? గొడుగుకిస్తారా?"

"మీకు మనసు లేదక్కా" అంది బ్యాంకావిడ.

"ఉంది కాబట్టే చెప్తున్నా. ఇదిగో, ఈ కాలు కాస్త పొడుగు, ఆ కాలు పొట్టి మీకు. కదలకుండా నిలబడండి."

మా వీధి అంతటికీ ఆవిడ అక్కే. కూరగాయల బండివాడికి అక్క, పక్క చెప్పుల షాపాయనకు అక్క, ఆవిడకన్నా పదేళ్లు పెద్దవాళ్లకు కూడా అక్కే. నలభై దాటింది. పెళ్లి చేసుకోలేదు. మొదట్లో కుదరలేదు, తర్వాత కుదరనివ్వలేదు. దాని గురించి ఏడ్చిందీ లేదు. మా కొట్టు వెనక సందులో ఓ గది, రెండు కుండీలు, తనకు నచ్చిన వేళకు తిండి, నిద్ర. హాయిగా ఉంటుంది. ఉంటుందనే నేనూ అనుకునేదాన్ని.

ఆ మధ్య అక్క ఒక బేకరీ అమ్మాయి కథ వింటోంది. అందులో కంపెనీ ఛైర్మన్‌గారి పెద్దకొడుకు ఒకడు. లోతైన గొంతు, నిదానం, వెన్నపూస లాంటి మాట. ఆ మాటలతోనే ఆ పిల్ల బేకరీ కాస్తా కాజేశాడు. ఆ గొంతు అక్కకు పాత చుట్టమే. అంతకుముందు విన్న సీరియల్లో మందులు మార్చే డాక్టరుదీ అదే గొంతు, దానికి ముందు లాయరుదీ అదే. డబ్బింగ్ చెప్పినవాడొక్కడే అయ్యుంటాడు. "ఆ గొంతులోనే ఉందే విషం" అని అక్క తేల్చేసింది.

సరిగ్గా అప్పుడే మా మిషన్లు చూసే పాత మెకానిక్ పని మానేసి, తన బదులు ఇంకొకాయన్ని పంపించాడు. అక్క ఓ చొక్కాకి అరిగిన కాలర్ తిరగేసి కుడుతోంది. గుమ్మంలోంచి వినబడింది.

"లోపలికి రావచ్చాండీ?"

అక్క మిషన్ తొక్కడం ఆపేసింది. నాకూ ఛైర్మన్‌గారి పెద్దకొడుకు ఫోన్లోంచి లేచి చెప్పులు విప్పి వస్తున్నాడా అనిపించింది. తీరా చూస్తే యాభైకి దగ్గరపడిన మనిషి, చేతిలో పనిముట్ల సంచి, ఒంటి మీద ఒక చెయ్యి పొడుగ్గా ఉన్న రెడీమేడ్ కోటు.

ఇక చూడండి అక్క వాలకం! ఆయన మిషన్ విప్పుతుంటే పక్కనే నిలబడింది. కళ్లన్నీ ఆయన చేతుల మీదే. పాత స్క్రూలు లెక్కపెట్టి వెనక్కి తీసుకుంది. ఆయనేమో దేనికీ నొచ్చుకోకుండా "మంచిదండీ" అంటాడు. ఆ గొంతులో ఆ "మంచిదండీ" విన్నప్పుడల్లా అక్క ఉలిక్కిపడేది. అక్క మిషన్ ఏళ్ల తరబడి గడగడమని మోగుతుంటే, వయసైపోయిందని పాత మెకానిక్ వదిలేశాడు. ఈయన నేల మీద పడుకుని, కింద ఏదో బిగించి, నూనె వేసి, దాన్ని మూగదాన్ని చేసి వెళ్లాడు.

"బాగుచేశాడే" అన్నాను.

"ఏం బాగు! ఆ పెద్దకొడుకు మాటలు ఇంకా స్పష్టంగా వినబడుతున్నాయి" అంది.

ఆ తర్వాత ఆయన పిలవకుండానే రావడం మొదలుపెట్టాడు. ఇటు వెళ్తూ వచ్చానంటాడు, మిషన్ బెల్టు చూసిపోదామని అంటాడు. నాకు అనుమానం ఎక్కడొచ్చిందంటే, వీధి వీధంతా అక్కా అని పిలిచే మనిషిని ఈయన ఒక్కసారి కూడా, నోరు జారైనా సరే, అక్కా అనలేదు. "ఏమండీ"తోనే నెట్టుకొచ్చేవాడు. ఎంత జాగ్రత్త! ఓ రోజు అక్క బజారుకెళ్లినప్పుడు నిలదీశాను. భార్య పోయి చాలా ఏళ్లయిందనీ, పిల్లల్లేరనీ, మా అక్కనడగాలని ఉందనీ, ముందు నన్నడగడం మర్యాదని ఆగాననీ చెప్పాడు. నాకైతే ఎగిరి గంతెయ్యాలనిపించింది. మర్నాడు పొద్దున కొట్టు తెరుస్తూనే అక్క చెవిన వేశాను.

"ఆ గొంతా?" అంది అక్క.

"గొంతేమిటే?"

"జీవితాంతం ఇంట్లో ఆ గొంతు వినాలా? టీ పెట్టనా అని అడిగినా, అందులో ఏదో కలిపాడేమో అనిపిస్తుందే నాకు. వద్దని చెప్పెయ్."

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవడో ఏ స్టూడియోలోనో కూర్చుని, ఎవడికో డబ్బింగ్ చెప్పిన పాపానికి, ఇంత మంచి మనిషిని వదిలేసుకుంటుందా! "నీ మొహం! నీ సీరియళ్లూ, నువ్వూ!" అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆవిడ నా వైపు చూడను కూడా లేదు, జిప్పు కుట్టుకుంటూ కూర్చుంది. వారం రోజులు మా ఇద్దరి మధ్య కత్తెర ఇవ్వు, టేపు ఇవ్వు తప్ప మాటల్లేవు. సాయంత్రం కొట్టు మూశాక ఆవిడ ఒక్కతే సందులోకి తిరుగుతుంటే వెనకనుంచి చూసి నాకు ఏడుపొచ్చేది. ఇలాంటి మనిషి మళ్లీ రాడు. అది నాకు తెలుసు, ఆవిడకు తెలియడం లేదు.

ఓవర్‌లాక్ బెల్టు మార్చాల్సిన రోజు ఆయన వచ్చాడు. నాకు ధైర్యం చాలక వద్దన్న మాట చెప్పనేలేదు. ఆయన నన్ను చూశాడు, నేను నేలను చూశాను. అక్క ఫోన్లో ఎప్పట్లాగే పెద్దకొడుకు ఎవరికో తియ్యగా నచ్చజెబుతున్నాడు. ఇక నావల్ల కాలేదు.

"ఇదిగోనండీ, వినండి. మీ గొంతు ఈ దొంగవెధవ గొంతులా ఉందట. అందుకని మా అక్క మిమ్మల్ని వద్దంటోంది!"

అక్క మొహం కందిపోయింది. ఆయన మాత్రం నవ్వలేదు. ఫోన్ దగ్గరకు వచ్చి చెవిపెట్టి విన్నాడు.

"ఏం చేశాడండీ ఈయన?"

అంతే, అక్క మొదలుపెట్టింది. కోపమంతా వెళ్లగక్కుతూ బేకరీ కథ మొదటినుంచి చెప్పింది. ఆ పిల్ల తండ్రి పోవడం, వీడు ఓదార్చడం, తోడబుట్టినవాడిలా నటించడం, కాగితాల మీద సంతకం. ఆయన బెల్టు చేత్తో పట్టుకుని, బుద్ధిగా నిలబడి విన్నాడు.

"అన్నీ బాగానే ఉన్నాయి గానీ, చదవకుండా సంతకం ఎందుకు పెట్టిందండీ?" అన్నాడు చివరికి.

"అదేనండీ నేను మొత్తుకునేది!" అని అక్క ఒక్క ఉదుటున తలెత్తింది. మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది. చూసి, కళ్లు దించుకోవడం మర్చిపోయింది.

ఆయన బెల్టు బల్ల మీద పెట్టాడు. "నాకు మీరంటే ఇష్టమండీ. మీకు లేకపోతే ఇబ్బంది పెట్టను. మిషన్లు మాత్రం ఎప్పట్లాగే వచ్చి చూస్తాను."

అక్క ఫోన్ ఆపేసింది. కథ మధ్యలో, అదీ పెద్దకొడుకు దొరికిపోయే చోట ఆపేసింది.

"గొంతు కాదండీ" అంది మెల్లిగా. "గొంతుదేముంది, వినగా వినగా అలవాటవుతుంది. నాకు భయం. ఇన్ని సీరియళ్లు విన్నాను. పెళ్లి దాకా తెచ్చి ఆపేస్తారు. ఆఖరి ఎపిసోడ్ తర్వాత ఏముంటుందో ఒక్కడూ చెప్పడు. నాకేమో నా గది, నా పని, అంతా బాగానే ఉంది. ఈ వయసులో ఇంకో మనిషితో రోజూ ఎలా ఉండాలో నాకు తెలియదు. బాగున్నది కూడా పోతుందేమోనని..."

నేను నోరు వెళ్లబెట్టాను. పుట్టినప్పటినుంచి ఆవిడ పక్కనే ఉన్నాను. ఆవిడకు భయమనేది ఉంటుందని నాకు తట్టనే లేదు.

"నేను చూశానండీ, ఆ తర్వాతది" అన్నాడాయన. అదే గొంతు, అదే నిదానం. "పెద్దగా ఏమీ ఉండదు. పొద్దున లేస్తాం. తువ్వాలు తడిగా మంచం మీద పడేశావని ఒకరు అరుస్తారు. లైటు ఎవరు ఆర్పాలని ఒకరితో ఒకరం వాదించుకుంటాం. కిటికీ తెరిచి పడుకోవాలా, మూసి పడుకోవాలా అన్నది మాకు చివరిదాకా తేలలేదు. మా ఆవిడ పోయాక కిటికీ నా ఇష్టమే అయిపోయింది. తెరిచినా ఎవరూ ఏమీ అనరు, మూసినా అనరు." బల్ల మీది బెల్టు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "అదేం బాగుండదండీ."

నేను చేతిలో ఉన్న కోటు చెయ్యితోనే కళ్లొత్తుకున్నాను. అది ఎవరిదో ఖాతాదారుది, తర్వాత తడిచిన చోట ఇస్త్రీ చేయాల్సొచ్చింది.

అక్క తను కుడుతున్న జిప్పు చివర దారం కొరికి తెంపింది. ఆయన వైపు చూడకుండానే అంది.

"నేను తెరిచే పడుకుంటాను. ముందే చెప్తున్నా."

"చలికాలంలో కూడానాండీ?"

"చలికాలంలో కూడా."

ఆయన కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, మాటవరసకు కాదు.

"అయితే ఇంకో దుప్పటి కొనాలండీ" అన్నాడు.