ఒకే కండెలోని పోగు

నా చిన్నప్పుడు ధర్మవరంలో మా వీధికి మగ్గాల చప్పుడుతోనే తెల్లవారేది. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని మా తాతయ్య నేస్తుంటే పక్కనే నేనూ తమ్ముడూ కూర్చునేవాళ్లం. పెంకుల సందుల్లోంచి పడే ఎండలో పట్టుపోగులు మెరిసేవి. వాటినే చూస్తూ చూస్తూ వాడు నా ఒళ్లో నిద్రపోయేవాడు. వాడికి ఎప్పుడూ నిద్రే. కాస్త ఆడితే ఆయాసం, పెదవులు తెల్లగా పాలిపోయి ఉండేవి.

దానికంతటికీ మా అమ్మే కారణమని నాయనమ్మ పట్టు. "పిల్లోనికి కడుపు నిండా పెట్టింటే ఇట్లుంటాడా?" అని వీధంతా వినేట్టు అరిచేది. అమ్మ ఆమెకు పరాయిదేం కాదు, సొంత కూతురి కూతురే. మేనరికమని మనవరాలినే కోడలిగా తెచ్చుకుంది. కోపం వస్తే మాత్రం ఆమెకు మనవరాలూ లేదు, కోడలూ లేదు. పాపం అమ్మ, తన కంచంలోది కూడా వాడికే పెట్టేది. వాడు మాత్రం కోలుకోలేదు.

చివరికి తాతయ్యా నాయనా వాడిని బెంగళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. ఇది పుట్టుకతో వచ్చిన నెత్తురు జబ్బనీ, తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తేనే ఇలా అవుతుందనీ, బతికినన్నాళ్లూ నెత్తురు ఎక్కించాలనీ అక్కడి డాక్టర్లు చెప్పి పంపారు. నాయనమ్మ చెవికి తల్లి అన్న మాటొక్కటే ఎక్కింది. "చూసినారా, నేను చెప్పలా? దీన్ని పుట్టింటికి పంపియ్యండి. నా కొడుక్కి ఇంకో పిల్లను తెస్తా" అంది. అమ్మ ట్రంకుపెట్టెలో చీరలు సర్దుకుంటుంటే నేను ఆ పెట్టె మీద పడి ఏడ్చాను. నాయన తల వంచుకుని గడప దగ్గరే నిలబడ్డాడు.

తాతయ్య మగ్గంలోకి దిగాడు. ఆ పొద్దు ఆయన చేసిన పని ఇప్పటికీ కలలో జరిగినట్టే అనిపిస్తుంది. చీర కోసేశాక మగ్గం మీద మిగిలిన పడుగులో, ఆ నిలువు పోగుల్లో ఒకచోట, దారం చుట్టిన ఒక కండెలోంచి తీసిన నాసిరకం పోగులు అతికాడు. ఆ కండెనే అటూ ఇటూ తిరిగే నాడెలో పెట్టి, అడ్డంగా నాలుగు వరసలు పేక వేసి, మంచి పట్టుతో మిగతాది నేశాడు. ఆ జానెడు గుడ్డ మీద నాయనమ్మ వేలు పట్టుకుని తిప్పాడు. నాసి పోగు నిలువునా ఉన్నచోట గట్టిగానే ఉంది, అడ్డంగా ఉన్నచోటా గట్టిగానే ఉంది. నాసి పడుగూ నాసి పేకా కలిసినచోట మాత్రం వేలు దిగబడిపోయింది.

"ఒకటి చెడితే ఇంకోటి మోసింది. అందుకే నీ కొడుకూ బాగుండాడు, ఆ పిల్లా బాగుండాది. రెండూ చెడినచోటే బొక్క పడింది" అన్నాడు తాతయ్య. "మరి రెంటికీ ఆ పోగు యాడ నుంచి వచ్చినాది? ఒకే కండె. నీ కొడుక్కీ నీ కూతురికీ, ఆ కూతురి నుంచి ఈ పిల్లకీ. అది నాదో, నీదో. పంపియ్యాలంటే మనిద్దరినీ పంపియ్యి!"

నాయనమ్మ ఆ చిరుగును అరచేత్తో మూసేసింది. లేచి వెళ్లి, అమ్మ పెట్టెలోని చీరలన్నీ తనే తీసి మళ్లీ దండెం మీద వేసింది. నన్ను మేనమామకు ఇవ్వాలని పుట్టినప్పుడే అనుకున్న మాటను కూడా తాతయ్య వెనక్కి తీసుకున్నాడు.

తమ్ముడు మాకు దక్కలేదు. నెత్తురు ఎక్కించుకుంటూ కొన్నేళ్లు ఉండి, నా పెళ్లి చూడకుండానే పోయాడు. ఇప్పుడు మా వాళ్లలో ఎవరింట పెళ్లి మాట వచ్చినా జాతకాల కంటే ముందు నెత్తురు పరీక్ష అడుగుతాను. ముసల్దాని చాదస్తమని నవ్వుతారు. నవ్వనీ, నాకేం! మొన్న మనవరాలి పెళ్లి పట్టుచీర ఒళ్లో పరుచుకుని, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వేలితో తడిమాను. ఎక్కడా దిగలేదు. అయినా ఆ చీర తీసి ఇవ్వబుద్ధి కాలేదు. దాని బరువు, ఒళ్లో తమ్ముడు నిద్రపోయినట్టే ఉంది.