మా వీధి గోబర్ గ్యాసు

ప్రొద్దుటూరులో డాక్టరు మా అమ్మ ఛాతీ ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, "ఈమె రోజుకు ఎన్ని చుట్టలు తాగుతుంది?" అని నన్ను అడిగాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మా అమ్మ జన్మలో చుట్ట ముట్టలేదు. మా పేటలో చుట్ట తాగే ముసలమ్మలు చర్చికి వస్తే, నోరు పుక్కిలించి లోపలికి రమ్మని కసిరే మనిషి ఆమె. ఆ సంగతి చెప్పినా డాక్టరు నమ్మలేదు. బల్ల మీద కూర్చున్న అమ్మ మాత్రం దగ్గు మధ్యలోనే నవ్వింది. "పొయ్యి తాగించింది లే సారూ" అంది.

అమ్మ చెప్పింది నిజమే కానీ సగం నిజం. ఆ పొగ తాగించినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

మా ఊరు జమ్మలమడుగుకూ ప్రొద్దుటూరుకూ మధ్య, పెన్న ఒడ్డున ఉంటుంది. మాది క్రైస్తవుల పేట. ముత్తాతల కాలంలో మిషను దొరలు బడి పెట్టిన పుణ్యాన నాకు నాలుగు అక్షరాలు వచ్చాయి, మా ఊరి బడిలోనే టీచరునయ్యాను. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ కూలికి పోయి నన్ను చదివించింది. నల్లరేగడి నేలలో అడవి ఎక్కడిది? పొయ్యిలోకి పత్తికట్టె, కందికట్టె, అవి అయిపోతే పచ్చి కంప. నాపరాళ్లు కప్పిన ఇంటికి కిటికీ లేదు. పొగ పోవడానికీ మేము పోవడానికీ ఒకటే తలుపు. అమ్మ నేలకు చెంప ఆనేంత వంగి ఊదుగొట్టంతో ఊదేది. కళ్లు ఎర్రగా, ముక్కు నల్లగా ఉండేవి. మా వీధిలో ఆడవాళ్లందరూ అట్లాగే ఉండేవాళ్లు కాబట్టి అదొక జబ్బని ఎవరికీ తోచలేదు.

అవి ఫ్యాక్షన్ రోజులు. మా పేటలో ఉన్నది ఒకే వీధి, పదహారు ఇళ్లు. తూర్పు వరస ఎనిమిది ఇళ్లవాళ్లు ఒక నాయకుడి పొలాల్లో కూలి చేసేవాళ్లు, పడమటి వరస ఎనిమిది ఇళ్లవాళ్లు ఆయన పగవాడి పొలాల్లో. అదే మా పార్టీ. ఏ జెండా కావాలో మమ్మల్ని ఎవరూ అడగలేదు. మా ఎదురింటి అత్త, మా అమ్మ చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్నవాళ్లు. కానీ నాయకుల తగాదా ముదిరాక ఒక వరస ఇంటి నుంచి ఇంకో వరస ఇంటికి అగ్గి కూడా ఇవ్వకూడదని కట్టడి పెట్టారు. పొయ్యి ఆరిపోతే పది అడుగుల వీధి దాటి నిప్పుకణిక అడగకూడదు. ఆదివారం అందరం కలిసి ఒకటే పాట పాడి, చర్చి గడప దాటగానే మొహాలు తిప్పుకునేవాళ్లం. ఎంత సిగ్గుమాలిన బతుకో అప్పుడు తెలియలేదు.

ఆ రోజుల్లో ఒక ఆఫీసరు మా పేటకు వచ్చాడు. కోస్తా మనిషి. కట్టెలు నరకడం తగ్గాలి, ఆడవాళ్లకు పొగ తప్పాలి, పేడతో వంట చేసుకోవాలి అని ప్రభుత్వం పథకం పెట్టిందట. పదహారు ఇళ్లకూ కలిపి ఒక గోబర్ గ్యాస్ కడతామన్నాడు. బావిలాంటి గుంత తవ్వి, దాని మీద పెద్ద ఇనుప డ్రమ్ము బోర్లిస్తారు. పేడా నీళ్లూ కలిపి గుంతలో పోస్తే లోపల గ్యాసు పుట్టి డ్రమ్మును పైకి లేపుతుంది. అక్కడి నుంచి పైపుల్లో ఇంటింటి పొయ్యికి వస్తుంది.

"పొగ రాదా సారూ?" అని అడిగింది అమ్మ.

"రాదమ్మా."

"శానా రాదా, అసలుకే రాదా?"

"అసలే రాదు" అన్నాడాయన. అమ్మ నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఆ ఒక్క మాట మీద ఆమె అప్పుడే వంట మొదలుపెట్టినట్టు ఉంది.

ఇళ్ల జాబితా రాసిమ్మని ఆఫీసరు నాతో చెప్పాడు. ఏ ఇంట్లో ఏ పశువులున్నాయో కూడా రాయమన్నాడు. రాశాను. పడమటి వరస నిండా ఎనుములు, అదే గేదెలు; మా తూర్పు వరస నిండా మేకలు. వాళ్ల నాయకుడు బ్యాంకులో చెప్పి ఎనుములు ఇప్పించాడు, మా నాయకుడు మేకలు ఇప్పించాడు. మాకు గొడ్డూ గోదా కూడా పార్టీ నుంచే వచ్చేవి.

మర్నాడు మా నాయకుడు నన్ను బడి నుంచి పిలిపించాడు. అరుగు మీద కూర్చుని జాబితా తిరగేశాడు.

"టీచరమ్మా, ఈ కింది ఎనిమిది ఇండ్లు ఎవురివి?"

"పడమటి వరస సార్."

"గవుర్మెంటు మనది. గ్యాసు తెచ్చింది మనం. వండుకునేది వాళ్లా? కొట్టేయ్."

నా సంచిలో బడి పుస్తకాలు దిద్దే ఎర్ర ఇంకు పెన్ను ఉంది. అదే తీశాను. ఎనిమిది పేర్ల మీద ఎనిమిది గీతలు కొట్టాను. ఎనుములున్న ఇళ్లను కొట్టేసి మేకలున్న ఇళ్లను ఉంచుతున్నామని నాకు తెలుసు. మూడో తరగతి పిల్లవాడికి కూడా తెలుస్తుంది. 'సార్, పేడ అంతా ఆ పక్కే ఉంది' అని ఒక్క ముక్క అని ఉండొచ్చు. అనలేదు. మా అమ్మకు పొగ తప్పుతుంది, అంతే చాలు అనుకున్నాను. ఆ జాబితా గీతలతో సహా పంచాయతీ ఆఫీసు గోడకు అంటించారు.

మొదటిసారి గుంత నింపడానికి నాయకుడి కొట్టాల నుంచి బండ్ల మీద పేడ వచ్చింది. గ్యాసు పుట్టడానికి నెల పట్టింది. తర్వాత షామియానా, దండలు, ఉపన్యాసాలు. టీచరు ఇల్లు కాబట్టి మా పొయ్యే వెలిగించి ఫోటో దిగారు. మా అమ్మ కష్టం తీర్చిన దేవుడు తానేనని నాయకుడు మైకులో చెప్పుకున్నాడు. అందరూ వెళ్లిపోయాక అమ్మ ఆ నీలిమంట ముందు చాలాసేపు ఊరికే కూర్చుంది. "దీనికి ఊదే పనే ల్యాదే" అంటూ ఊదుగొట్టాన్ని గోడ గూట్లో పెట్టేసింది.

వారం తిరిగేసరికి కళ్లలో ఎరుపు తగ్గింది. మూడో ఆదివారం చర్చిలో పాటను ఒక్కసారి కూడా దగ్గకుండా చివరిదాకా పాడింది. పాడి, తానే ఆశ్చర్యపోయి నా భుజం గిచ్చింది.

ఫోటో పడ్డాక నాయకుడి బండ్లు రావడం మానేశాయి. మేకల పెంటికలతో ఎంత గ్యాసు పుడుతుంది? డ్రమ్ము రోజురోజుకూ కుంగి చివరికి అడుగుకు ఆనింది. పది అడుగుల అవతల అత్త ఇంటి గోడ నిండా పిడకలు. ఆఫీసరు మళ్లీ వచ్చి తల పట్టుకున్నాడు. "ఎదురుగా ఇన్ని గేదెల్ని పెట్టుకుని పేడ లేదంటారేమిటండీ?" అన్నాడు. పేడకు కూడా పార్టీ ఉంటుందని ఆ కోస్తా మనిషికి ఎట్లా చెప్పాలి?

ఆ చిక్కు విప్పింది నేను కాదు, చదువురాని మా అమ్మ. ఊరి మంద పెన్నకు పోయే దారిలో అందరి పశువులూ కలిసి నడుస్తాయి. దారిలో పడిన పేడ ఎవరి గొడ్డుదో ఎవరూ చెప్పలేరు. అమ్మ పొద్దున్నే గంప తీసుకుని ఆ దారిన పోయేది. వెనకాలే ఎదురింటి అత్త కూడా గంపతో వచ్చేది. మలుపు దగ్గర అత్త గంప అమ్మ గంపలోకి ఒరిగేది. నాలుగైదు రోజులకు ఇంకో ఇద్దరు ముగ్గురు కలిశారు. డ్రమ్ము మళ్లీ జానెడు లేచింది. మగవాళ్లు పొలాలకు పోయిన మిట్టమధ్యాహ్నం అత్త మా పెరటి దారిన వచ్చి, మా పొయ్యి మీద తన ఇంటికి సంగటి కెలుక్కుని పోయేది. నిప్పుకణిక కూడా దాటకూడదన్న వీధిలో ఒక పొయ్యి మీద రెండు పార్టీల సంగటి ఉడికింది. నేను బడి నుంచి వచ్చేసరికి ఇద్దరూ నవ్వుకుంటూ ఉండేవాళ్లు. అంత మంచి రోజులు మా ఇంట్లో మళ్లీ రాలేదు.

ఎవరు మోశారో తెలియదు, సంగతి నాయకుడికి చేరింది. ఒకరోజు నేరుగా పేడ తొట్టి దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. అమ్మ మోచేతుల దాకా పేడ కలుపుతూ ఉంది, నేను నీళ్లు పోస్తున్నాను.

"ఏమ్మే, ఎవురి పేడ ఇది?"

"దోవలో పడిందప్పా."

"ఎవురి గొడ్డుది అంటాండా."

"గొడ్డు పేరు చెప్పి ఏసిపోల్యా. వాసన చూసి నువ్వే చెప్పు" అంది అమ్మ.

ఆయన వెనక ఉన్నవాళ్లలో ఒకడికి నవ్వాగలేదు. అదే కొంప ముంచింది. నాయకుడు నా వైపు తిరిగాడు. "టీచరమ్మా, నీ ఉద్యోగం ఈడ బాగుంది కదా. కొండల్లో బడులు శానా ఖాళీగా ఉండాయంట" అన్నాడు. మరుసటి రోజు నుంచి ఊరి మందను రెండుగా చీల్చారు. రెండు మందలు, ఇద్దరు కాపర్లు, రెండు దారులు. ఎనుములను కూడా పార్టీలుగా విడగొట్టిన ఘనత మా ఊరిది. ఇప్పటికీ తలుచుకుంటే నవ్వు రాదు, కోపమే వస్తుంది.

నాయకుడు బెదిరించిన ఆ సాయంత్రం నేనే అమ్మతో, "ఇంక మానెయ్" అన్నాను. నా ఉద్యోగం పోతే తిండెట్లా అని లెక్చరు కూడా ఇచ్చాను. అమ్మ లేచి, గూట్లోంచి ఊదుగొట్టం తీసి దుమ్ము తుడిచింది.

తర్వాత ఎన్నికలు వచ్చాయి, గవర్నమెంటు మారింది. మా నాయకుడూ కండువా మార్చాడు. మేం మొహాలు తిప్పుకోవడానికి కారణమైన ఇద్దరూ ప్రొద్దుటూరులో రాజీ పడి ఒకే వేదిక మీద పక్కపక్కన కూర్చున్నారు. మా వీధికి మాత్రం ఆ రాజీ రాలేదు. మీరు మాట్లాడుకోవచ్చని వచ్చి చెప్పినవాడు లేడు. మా డ్రమ్మును రిపేరుకని ట్రాక్టరు మీద తీసుకుపోయారు, అది తిరిగి రాలేదు.

కొన్నేళ్లకు నేనూ అమ్మా బస్సులో పులివెందుల పోతుంటే దారి పక్కన ఒక చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, మా డ్రమ్ము కనిపించింది. దాన్ని నిలబెట్టి బోరు నీళ్లు నింపుతున్నారు. మా బళ్లో బెంచీలకు నంబర్లు వేయడానికి వాడే తెల్ల పెయింటుతో నేను రాసిన పేట పేరు దాని మీద అట్లాగే ఉంది. ఆ తోట మా నాయకుడిదని మా ఇద్దరికీ తెలుసు. నాకు బస్సు ఆపి దిగి రాళ్లు వేయాలనిపించింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గి, "పోనీలే మే, చీనీచెట్లకు గూడా దగ్గొస్తాందేమో" అంది.

డాక్టరు చుట్టల గురించి అడిగింది ఆ తర్వాతి సంవత్సరం. ఎండాకాలం దాటకముందే అమ్మ పోయింది. చివరి నెలల్లో పాట కాదు కదా, ప్రార్థనలో ఒక్క వాక్యం కూడా ఆగకుండా చెప్పలేకపోయింది.

ఇప్పుడు జమ్మలమడుగు పక్క పోతే కనుచూపు మేర సోలార్ పలకలు, గుట్టల మీద గాలిమరలు. వాటి మీద నాకు పగ లేదు. ఎండనూ గాలినీ కరెంటు చేసే రోజు చూడగలిగినందుకు సంతోషమే. కానీ వేదికలెక్కి 'మా గడ్డ దేశానికి వెలుగిస్తోంది' అని ఆ నాయకుల కొడుకులు మైకులు పట్టుకుంటే నాకు కడుపు రగిలిపోతుంది. ఆ వెలుగు తీగల మీద ఎక్కడికో పోతోంది. మా పేటలో మూడు నాలుగు ఇళ్ల తలుపుల్లోంచి ఇప్పటికీ పొగ వస్తోంది. అది మా అమ్మ మింగిన పొగే.

మొన్న మా పేట ఇళ్ల కప్పుల మీద సోలార్ పలకలు పెడతామంటూ వచ్చారు. జాబితా రాయడానికి రిటైరైన టీచరమ్మ కావాలట. పక్కనే మెడలో కండువా వేసుకున్న ఒకాయన గొంతు తగ్గించి, "పడమటి వరసలో ఆ నాలుగు ఇండ్లు వద్దులే మేడం, మనకు ఓటెయ్యరు" అన్నాడు. నా జీవితంలో పెట్టాల్సిన కేక అప్పుడు పెట్టాను. వీధి వీధంతా బయటికొచ్చింది. ఇదే కేక ఆనాడు ఆ అరుగు ముందు పెట్టి ఉంటే అని ఏడుపొచ్చింది.

పుస్తకం తీసుకుని మొదట ఎదురింటికే పోయాను. అత్త మంచం మీద ఉంది, ఆమెకూ అదే దగ్గు.

"అత్తా, నీ ఇంటి పేరు రాసుకుంటా."

అత్త నా చేతిలోని పెన్ను వైపు చూసింది. "ఈ తూరి కొట్టెయ్యవు గదమ్మా?"

ఇన్నేళ్లూ ఆ గీతలు నాయకుడే కొట్టాడని వీధి అనుకుంటోందని నా నమ్మకం. "ఎవురు చెప్పినారత్తా?" అన్నాను.

"మీ అమ్మే. పంచాయతీ గోడకాడ కాగితం చూసొచ్చింది. దానికి చదువు యాడొచ్చు? ఎర్ర గీతలు చూసింది. ఊర్లో ఎర్ర ఇంకు నీ కాడ తప్ప యాడుండింది? 'నా బిడ్డే కొట్టింది వదినా, దాన్ని ఏమీ అనొద్దు. నువ్వు నా పొయ్యి మీద వండుకో' అనింది."

పేరు రాశాను. నా చేతిలో ఉన్నది నీలం పెన్నే. అయినా రాయడం అయిపోయేదాకా అత్త దాని మీది నుంచి చూపు తిప్పలేదు.