తెగిన పోగు మీద నా రివ్యూ

ఆ కబురు మొదట మోసుకొచ్చింది మా పక్కింటి మెహరున్నీసా. ఆమెను దేవుడు చల్లగా చూడాలి. నా కొంప మాత్రం ఆ కబురుతోనే మునిగింది.

"అక్కా, మీ మగ్గాల మీద సినిమా అంట! థియేటర్లో కాదు, సరాసరి ఫోన్లోకే వచ్చేసింది" అంది, గుమ్మంలో చెప్పులైనా విడవకుండా.

ఇది నాలుగేళ్ళ కిందటి మాట. ఓటీటీలో వచ్చిన ప్రతి సినిమా మీదా ఫేస్‌బుక్కులో నా అభిప్రాయం రాసేదాన్ని. బడి మెట్లెక్కని నన్ను విజయవాడలో నలుగురు "రివ్యూ మేడం గారు" అంటుంటే, అంతా స్వామి దయ అని దణ్ణం పెట్టుకుంటూనే మెడ ఒక అంగుళం సాగదీసేదాన్ని. నాకు అక్షరాలూ నేతా రెండూ నేర్పింది మా మేనత్త నాంచారమ్మ. చల్లపల్లి దగ్గర మా పుట్టింట్లో, మగ్గం పక్కనే కూర్చోబెట్టుకుని నేర్పింది.

పూజ ముగించి సినిమా పెట్టాను. అరగంటకు కథానాయిక ఏడ్చింది. వెంటనే తెర నిండా రెండు చేతులు, వాటి నిండా ఎర్రగాజులు, చీర నేస్తూ. టప్పున పడుగులో ఒక పోగు తెగింది. చేతులు ఆగలేదు! నేస్తూనే ఉన్నాయి!

మీరే చెప్పండి, నేత ఇంట పుట్టినదాన్ని, ఎలా ఊరుకోను? పోగు తెగితే నేతగత్తె చేయి తనంతట తానే ఆగుతుంది, అన్నంలో రాయి తగిలిన పన్నులా. ముడి వేశాకే ముందుకు కదులుతుంది.

రాసి పారేశాను: "ఈ చేతులకు నేత రాదు. ఇవి మగ్గం వదిలి గరిటె పట్టుకోవడం మేలు. మా అత్తే చూస్తే, రెక్క పట్టి మగ్గం మీంచి లేపి ఇంటికి పంపేది!"

లైకులు ఉయ్యూరు చెరుకు ట్రాక్టరు వెనక పిల్లల్లా పరిగెత్తుకొచ్చాయి. మూడో రోజు మా బావ, అంటే అత్త కొడుకు, ఫోన్ చేశాడు.

"ఏం మరదలా, ఆ చేతులు ఎవరివనుకున్నావు?"

"ఎవరివైతే నాకేం బావా? నేత రాని చేతులు!"

"మా అమ్మవి."

సరిగ్గా విన్నానో లేదోనని ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"హీరోయిన్ చేతులకు బదులు చూపించడానికని షూటింగుకు పిలిస్తే వెళ్ళింది. నీ రాత చూసిన కాడి నుంచి మగ్గంలో కూర్చోలా."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచొచ్చి ఇల్లు తగలబెట్టుకున్నాను. మర్నాడు మొదటి బస్సెక్కాను. పామర్రు దాటేలోపు తెలిసిన దేవుళ్ళందరికీ కొబ్బరికాయలు మొక్కాను. చాలదేమోనని, దర్గాలో పంచదార చదివించమని మెహరున్నీసాకూ ఫోన్ చేశాను.

అత్త అరుగు మీద కూర్చుని ఉంది. వెళ్ళి కాళ్ళ మీద పడ్డాను.

"తప్పయిపోయింది అత్తా!"

"లే, లే. తప్పేంటే? పోగు తెగ్గానే నేను ఆగాను. కట్ అన్నాడా డైరెక్టరు. మళ్ళీ ఆగాను. మళ్ళీ కట్! 'ఆగకండమ్మా, మనసు విరిగిన ఆడది ఆగదు' అంటాడు. మనసు విరిగితే పోగు ముడెయ్యకూడదా ఏంటే? కళ్ళు మూసుకుని నేశాను. ఆ చీర తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోద్ది. ఇంతమంది చూశారు, పట్టుకుంది నువ్వొక్కదానివే. ఎవరి చేతి కింద నేర్చుకున్నావు మరి!"

"మరి మగ్గంలో ఎందుకు కూర్చోవట్లేదు?"

"వచ్చినోళ్ళందరికీ నీ రాత చదివి వినిపిస్తన్నానే. తీరికేదీ?"

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అత్త గర్వం చూసి నాకూ గర్వం పొంగింది. అప్పుడు ఆవిడ రెండు చేతులూ నా మొహం ముందు చాపింది.

"పోగైతే పట్టావు. నీకు ముద్దలు కలిపి పెట్టిన చేతుల్ని పోల్చుకోలేకపోయావా, పిచ్చిమొద్దూ?"

నా రివ్యూ మీద అంతకు మించిన రివ్యూ ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు.

కాబట్టి ఆ రోజే దీపం సాక్షిగా ప్రమాణం చేశాను. అప్పటినుంచి ఏ సినిమాలో మొహం లేని చేతులు కనిపించినా, అవి ఎవరి అత్తవో వాకబు చేశాకే కలం కదుపుతున్నాను.

మీకొక మనవి. ఆ సినిమా చివర వచ్చే పేర్లలో మా నాంచారమ్మత్త పేరు లేదు. ఎప్పుడైనా తెర మీద నేసే చేతులు కనిపిస్తే, ఆమెను ఒక్కసారి తలుచుకోండి. పోగు తెగితే ఆగే మనిషి ఆవిడ.